వేడి వరస

సెప్టెంబర్ 4, 2011, ఆదివారం. చిట్యాల

క్వార్టర్ ఖాళీ చేశాం. బాపు ఊపిరితిత్తులు ఇక గని పనికి పనికిరావని తేల్చి ఏడాది దాటింది. తాళంచెవులు ఇచ్చేయక తప్పలేదు. భూపాలపల్లి నుంచి సామానంతా ట్రాక్టర్‌లో తెచ్చి, చిట్యాలలో ఎర్రయ్య మామ ఖాళీగా ఉంచిన రెండు గదుల ఇంట్లో దించాం. ఆక్సిజన్ మిషన్‌ను మాత్రం బాపు ట్రాక్టర్ ఎక్కనివ్వలేదు. దుప్పటి చుట్టి ఆటోలో తన పక్కన పెట్టుకున్నాడు.

"కొత్త పెండ్లాన్ని తోల్కొచ్చుకున్నట్టు తెచ్చుకున్నడు సూడు," అంది అమ్మ.

"ఇది కొట్లాడదు," అన్నాడు బాపు.

కాలనీలో కరెంటు పోయేది కాదు. ఇక్కడ మేం దిగిన కాసేపటికే పోయింది. మిషన్ ఒకసారి కూత పెట్టి ఆగింది. బాపు గడప మీద కూర్చొని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చేసి గాలి వదులుతూ ఉన్నాడు. కరెంటు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

మా ఇన్వర్టర్ జనగామలో నా దగ్గర ఉంది. జూలైలో, ఇంకా కాలనీలో ఉన్నప్పుడు, బాపే జీపులో వేయించి పంపాడు. తిరిగి తెస్తానన్నాను.

"నీ పరీక్ష ఒడిసినంక తేవే బిడ్డా. ఆడ బొగ్గు దుమ్ము గాని, ఈడ దుమ్మెక్కడున్నది? సల్లగ గాలి కొడ్తున్నది."

నా ప్రయోగాన్ని బాపు పరీక్ష అంటాడు. సరే అన్నాను.


సెప్టెంబర్ 6. జనగామ

వేడి వరస ముప్పైమూడు డిగ్రీలకు చేరింది. చల్ల వరస ఇరవై ఏడు దగ్గర ఉంది.

నేను పార్ట్‌టైమ్‌గా జువాలజీ చెప్పే ఈ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ వాళ్ల పాత స్టోర్ రూము నాకు ఇచ్చారు. కిటికీ ఒకటి. బల్ల మీద రెండు తొట్లు, హీటర్ ఉన్నది వేడి వరస, లేనిది చల్ల వరస. తొట్లలో నీళ్లు, నీళ్లలో గాజు గిన్నెలు. గిన్నెల్లో పొట్లం ఉప్పుతో కలిపిన సముద్రం. ప్రతి గిన్నెలో చిటికెన వేలి గోరంత సముద్రపు పూలు, అనిమోన్లు. పగడాలను ఇక్కడికి తేలేం, చట్టమూ ఒప్పుకోదు. ఇవి పగడాలకు పినతల్లి పిల్లలు. గిన్నెలో గడ్డిలా పెరుగుతాయి.

నిరుడు మేలో, నేను విశాఖలో చదువుతుండగా, మా ప్రొఫెసర్ గారు మమ్మల్ని తమిళనాడులో రామేశ్వరం దగ్గరి మండపం తీరానికి తీసుకెళ్లారు. అద్దం అడుగున్న పడవలోంచి పగడాల దిబ్బ చూశాం. సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. మా క్లాసు వాళ్లు "ఎంత బావుందో" అన్నారు. ప్రొఫెసర్ గారు మొహం అటు తిప్పుకున్నారు. పగడం జంతువు. దాని ఒంట్లో నాచు రేణువులు కాపురం ఉంటాయి. ఎండతో తిండి వండి దానికి పెడతాయి. రంగు వాటిదే. నీళ్లు వేడెక్కితే ఆ నాచు తిండికి బదులు విషం చేస్తుంది, పగడం దాన్ని గెంటేస్తుంది. అప్పుడు తెల్లబడుతుంది.

తెల్లబడటం చావు కాదు. గడువు. ఆ గడువులో సముద్రం చల్లబడితే, మిగిలిన నాలుగు రేణువులు మళ్లీ పెరుగుతాయి. చల్లబడకపోతే ఆకలితో పోతుంది. కొన్ని మాత్రం వేడిని ఓర్చుకునే వేరే నాచును రానిచ్చి బతుకుతాయి. వేడి తగ్గకుండానే అలా రానిస్తాయా అన్నది ప్రొఫెసర్ గారి ప్రశ్న. ఇప్పుడు నాది.


సెప్టెంబర్ 9

బిక్షపతి గారు తలుపు దగ్గర నిలబడ్డారు. పొలిటికల్ సైన్స్ లెక్చరర్. కాలేజీలో ప్రత్యేక రాష్ట్రం జేఏసీ అంటే ఆయనే.

"ఏంది మేడం, స్టాఫ్ రూముల ఫ్యాన్ తిరుగుతలేదు, మీ స్టోర్ రూముల బల్బు వెలుగుతున్నది?"

ఇన్వర్టర్ చూపించాను.

"కరెంటు పోతే సస్తయా ఇవి?"

"లేదండి. కరెంటు పోతే హీటర్ ఆగుతుంది. నీళ్లు చల్లబడతాయి. అప్పుడు కోలుకుంటాయి."

"మరి ఇన్వర్టర్ ఎందుకు?"

"కోలుకోకుండా."

గిన్నెల వంక చూశారు. తర్వాత నా వంక.

"సూస్తె చర్చిల బొమ్మ లెక్కుంటరు గాని మేడం, మీరు మా ఎస్సై కన్న కడక్," అని వెళ్లిపోయారు.

వెళ్తూ అటెండర్‌తో "ఆంధ్రా మేడం" అన్నారు. వినపడింది. విశాఖ హాస్టల్లో మొదటి నెల "గిట్లనా" అన్నందుకు అందరూ నవ్వారు. సినిమాల్లో రౌడీలా మాట్లాడతావేంటి అన్నారు. మూడో నెలకు నా నోట్లో ఆ మాటలు లేవు. ఇక్కడికి వస్తే పిల్లలు నా "అండి"కి నవ్వుతున్నారు. భూపాలపల్లి బొగ్గుగని బిడ్డనని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.


సెప్టెంబర్ 13

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు లేవు, గనులు లేవు, కాలేజీ లేదు. స్టోర్ రూము తాళం నా దగ్గరే ఉంచుకోమన్నారు ప్రిన్సిపాల్.


సెప్టెంబర్ 14

సాయంత్రం ఇంటికి ఫోన్. ఎప్పటిలా అమ్మ మాట్లాడింది, బాపు కొట్టాడు.

గనిలో బండ్లు లాగే తాడుకు గంట సంకేతాలు ఉంటాయి. ఒకటి కొడితే ఆపు. నా చిన్నప్పటి నుంచీ బాపుకూ నాకూ మధ్య అవే సంకేతాలు. బాపుకు ఇప్పుడు మాట్లాడితే ఆయాసం కాబట్టి ఫోన్ దగ్గర స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాడు. రెండు: బాగున్నా. ఒకటి: ఇక ఆపు, ఫోన్ పెట్టేయ్, పైసలు పోతున్నయి. అమ్మ వీటిని పిల్లాటలంటుంది, పట్టించుకోదు.

"కరెంటు ఎలా ఉందమ్మా?"

"మంచిగనే ఉంటున్నది. ఏడ పోతున్నది?"

"మిషన్ చప్పుడు వినిపించట్లేదు."

"బయట కూసున్నడు. టెంటు కాడికి పోయొచ్చిండు. నేను గుడ సమ్మెలున్న అంటడు. పని లేనోనికి సమ్మె ఏంది అంటే వింటడా?"

గ్లాసు మోగింది. ఒకటి. కాసేపటికి, అలసటగా, ఇంకొకటి.

బాగున్నాడు.


సెప్టెంబర్ 17

వేడి వరస మొత్తం తెల్లబడింది. తెలుపు కూడా కాదు, గాజు. కాడలోంచి గిన్నె మీది కొలత గీతలు కనిపిస్తున్నాయి. చేతులు ముడుచుకొని ఉన్నాయి. ముట్టుకుంటే మాత్రం ఇంకా ముడుచుకుంటాయి. అంటే ఉన్నాయి.


సెప్టెంబర్ 19

బస్సులు ఆగిపోయాయి.

విశాఖ నుంచి నాచు సీసా సమ్మెకు ముందే కొరియర్‌లో వచ్చి ఉంది. ఎండకు మరిగే మడుగుల్లో బతికే పగడాల నుంచి తీసిన నాచు. వేడి వరసలో సగం గిన్నెలకు పిప్పెట్‌తో వదిలాను. మిగతా సగానికి ఇవ్వలేదు, తేడా తెలియాలి కదా.

ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. "సుమలతా, ఇప్పటి నుంచి ఒక్క పూట కూడా చల్లబడకూడదమ్మా. ఒక్కసారి చల్లబడితే ఏది దేనివల్ల బతికిందో చెప్పలేం."

చల్లబడదని చెప్పాను. మాట్లాడేటప్పుడు ఇన్వర్టర్ మీద చెయ్యి వేసి ఉన్నాను.


సెప్టెంబర్ 22

ఈరోజు బాపే ఫోన్ తీసుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య చాలా దూరం.

"మనోల్లు... ఒక్కడు దిగలేదు బిడ్డా లోపటికి. బొగ్గు లేదు. కరెంటు పోయిందంటే... మా జగపతిగాడు గట్టిగున్నడు అన్నట్టే. నవ్వొస్తది నాకు."

జగపతి బాబాయి బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు.

"అక్కడ కరెంటు పోతోందా బాపూ?"

తర్వాత గ్లాసు. ఒకటి.

పెట్టేశాను.


సెప్టెంబర్ 23

అమ్మను మళ్లీ అడిగాను. "ఊళ్లోల్ల ముచ్చట చెప్పిండు," అంది. "మనకాడ పోతలేదు. దవాఖాన లైను మనది."

చిట్యాల మండల కేంద్రం. మండల కేంద్రాలకు కోత తక్కువ అంటారు. ఎవరు అంటారో గుర్తులేదు.


సెప్టెంబర్ 24

రైలు పట్టాల మీద కూర్చున్నారు. స్టేషన్ దిక్కు నుంచి రోజంతా డప్పులు.

మా ఇంటి ఓనరు కనకలక్ష్మి గారు పెరట్లో బియ్యం ఏరుతూ అడిగారు. "మీ అమ్మోల్లు చిట్యాలల కదా? మా చెల్లె గా దిక్కే. పొద్దుగాల పోతే పొద్దుమీకినంక వస్తున్నదట కరెంటు. బోర్లు నడుస్తలెవ్వు, వరి ఎండుతున్నదని ఒకటే ఏడుపు."

"మాది దవాఖాన లైను," అన్నాను.

"గట్లనా? నసీబ్ మంచిగున్నది."

వాళ్ల చెల్లెలిది ఊరికి దూరంగా ఉన్న పల్లె అయి ఉంటుంది. అడగలేదు.


సెప్టెంబర్ 25, ఆదివారం

చర్చిలో ఫాదర్ గారు రాష్ట్రం కోసం ప్రార్థన చేయించారు. నేను వేరేది అడిగాను. ఏం అడిగానో ఇక్కడ కూడా రాయను. మానుకోట కాన్వెంటులో ఈ అలవాటు చేసిన సిస్టర్, పడుకునే ముందు రోజును ఉన్నది ఉన్నట్టు రాయాలి, విశేషణాలు వద్దు అనేవారు. రాయకుండా వదిలేసింది అబద్ధం అవుతుందా అని అప్పుడు అడగలేదు.


సెప్టెంబర్ 27

గ్లాసు రెండుసార్లు మోగింది. ఈసారి రెండూ వెంటవెంటనే, గట్టిగా. వారంగా మధ్యలో ఎంతో ఎడం ఉండేది. బాపుకు నయమవుతోంది. చిట్యాల గాలి పడింది.


సెప్టెంబర్ 28

రెండూ గట్టిగానే.


సెప్టెంబర్ 30

వేడి వరస, నాచు ఇచ్చిన గిన్నె. ఒకదాని కాడ మొదట్లో టీ మరకంత రంగు.

ఒక చేతి కొనను కత్తిరించి మైక్రోస్కోప్ కింద పెట్టాను. గాజు గోడల మధ్య బంగారు రంగు గింజలు. పాతవి కావు, పాతవన్నీ గెంటేసింది. నాచు ఇవ్వని గిన్నెలు తెల్లగానే ఉన్నాయి. నీళ్లు ముప్పైమూడు. ఒక్క అర డిగ్రీ తగ్గలేదు.

వేడిలోనే రానిచ్చింది.

కేక పెట్టాలనిపించింది. స్టోర్ రూములో ఒక్కదాన్నే ఉన్నాను, అయినా పెట్టలేదు. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. "ఇంకో రెండు వారాలు," అన్నారు. "ఉంచుకుంటుందా, మళ్లీ గెంటేస్తుందా చూడాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

ఎవరికి చెబుతాను. బాపుకు చెప్పాను. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమన్నాను అమ్మను. రెండు దెబ్బలు.


అక్టోబర్ 2

రంగు వచ్చినవి ఇంకో మూడు. కానీ పెరగడం లేదు. చల్ల వరసలోవి ఈ నెల రోజుల్లో పిల్లలు పెట్టాయి. ఇవి అదే గోరంత దగ్గర ఆగిపోయాయి. వేడిని ఓర్చుకునే నాచు తనకే ఎక్కువ ఉంచుకుంటుంది, ఇంటికి తక్కువ పెడుతుంది.

"బతకడం అంటే ఇంతేనా మేడం?" అని ప్రొఫెసర్ గారిని అడిగాను.

"ఇంతే. చిన్నగా, నెమ్మదిగా. చూసేవాళ్లు మాత్రం బాగుంది అనుకుంటారు, రంగు ఉంది కాబట్టి."


అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. వీధిలో కరెంటు లేదు. కనకలక్ష్మి గారు చెయ్యి పట్టి లాగితే ఒక చుట్టు తిరిగి వచ్చేశాను. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తక్కువయ్యాయి, పోయాలి.


అక్టోబర్ 5

బాపుతో ఇంత సేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

పువ్వుల సంగతి మొదటి నుంచి చెప్పాను. అమ్మ ఫోన్ ఆయన దగ్గర పెట్టింది. కాసేపయ్యాక, "పెట్టేయనా బాపూ? పైసలు పోతున్నాయి," అన్నాను. ఎప్పుడూ ఇక్కడ ఒకటి కొడతాడు.

రెండు కొట్టాడు.

ఇంకా వింటానంటున్నాడు అనుకున్నాను. మండపం గురించి చెప్పాను. హాస్టల్లో నన్ను చూసి నవ్విన సంగతి ఇన్నేళ్లకు చెప్పాను. నా మాటలు పోగొట్టుకున్నాను బాపూ అన్నాను. మళ్లీ రెండు. బ్యాలెన్సు అయిపోయేదాకా మాట్లాడాను. నా బతుకులో మొదటిసారి బాపు నన్ను ఆపమనలేదు.

సంతోషంగా ఉంది. ఈ మాట విశేషణం కాదు.


అక్టోబర్ 7

పొద్దున ఎర్రయ్య మామ ఫోన్.

"బిడ్డా, ఏం చేస్తున్నవే ఆడ? గా ఇన్వర్టర్ జర తీస్కరా."

"ఏమైంది మామా? బాపు బాగున్నాడు కదా. మొన్న చాలాసేపు..."

"ఎవలు చెప్పిన్రే నీకు బాగున్నడని? ఆయన చెయ్యి లేవక వారం దాటె. సిలిండర్ తెద్దామంటే బండ్లు లెవ్వు. దవాఖానకు నడువు బావా అంటే, మా సమ్మె నన్నేం చంపుతది అంటడు. రాత్రి పగలు కరెంటు లేకపాయె. ఇసుర్రతోని ఇసురుతున్నది మీ అమ్మ."

"కరెంటు ఉందనే చెప్పింది అమ్మ."

"చెప్తది. ఆయన చెప్పుమన్నడు కాబట్టి చెప్తది. నీ పరీక్ష ఖరాబ్ అయితదట."

హీటర్ తీగ నేనే పీకాను.

బస్సు లేదు. రైలు లేదు. ఆటోవాళ్లు పొలిమేర దాటం అన్నారు. బిక్షపతి గారు చౌరస్తా టెంట్లో ఉన్నారు. నలుగురి ముందూ నిలబడి ఎప్పుడూ మాట్లాడలేదు నేను. మాట్లాడితే నోట్లోంచి వచ్చింది ఇది: "అన్నా, మా బాపుకు పానం బాగలేదే. చిట్యాల పోవాలె. ఎట్లన్న చెయ్యి."

ఆయన లేచి నిలబడ్డారు. "నీది చిట్యాలనా?"

"బాపుది బొగ్గుబాయి."

బండి ఆయనే మాట్లాడారు. ఒక ట్రాలీ ఆటో, దాని మీద జెండా, వెనక ఇన్వర్టర్, బ్యాటరీ, నేను. ముందు డ్రైవర్ పక్కన ఆయన.

పరకాల దాటాక రోడ్డు ఆపి సమ్మె వాళ్ల వంటావార్పు. అడ్డంగా మూడు పొయ్యిలు, పప్పు ఉడుకుతోంది, దారికి రెండు వైపులా విస్తర్లు. జెండా చూసి నవ్వుతూ మమ్మల్ని దింపారు. బిక్షపతి గారు చెబుతూనే ఉన్నారు, పానం మీదికి వచ్చింది, తొవ్వ ఇయ్యున్రని. "ఇస్తం అన్నా, పొయ్యి దించినంక ఇస్తం. నిప్పుల మీదకెల్లి బండి పోతదా? గంతల రెండు బుక్కలు తినున్రి. మనోల్లు పెట్టిన బువ్వ కాదంటరా?" ఒక పెద్దామె నా ముందు విస్తరి వేసింది. "తిను బిడ్డా. మొకం సూడు ఎట్ల పీక్కపోయిందో. రాష్ట్రం వస్తది, ఏడ్వకు."

తిన్నాను. పొయ్యి పక్కకు జరిపేదాకా తిన్నాను.


అదే రోజు. చిట్యాల

బాపు మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. గోళ్లు నీలంగా ఉన్నాయి. అమ్మ విసనకర్ర ఆపలేదు, నన్ను చూసి కూడా. కిటికీలో స్టీలు గ్లాసు, అందులో చెంచా.

మామ తీగలు కలిపాడు. మిషన్ మొదలైంది. ఆ చప్పుడుకు అమ్మ చెయ్యి దానంతట అదే ఆగింది.

బాపు చాలాసేపటికి కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. సంతోషం కాదు అది.

"పువ్వులు?" అన్నాడు.

"రంగొచ్చింది బాపు. వేడిలనే వచ్చింది. ఎవలో ఒకలు సూస్తున్నరు, నువ్వు పరేషాన్ కాకు."

ఎవరూ చూడటం లేదు. ఆయన నా మాట తీరు విని కొంచెం నవ్వాడు అనుకుంటాను. మంచం పట్టె మీద గోటితో కొట్టాడు. ఒకటి.

మాటలు ఆపమన్నాడు అనుకొని ఆపాను.


అక్టోబర్ 8

మిషన్ నడుస్తోంది. అంబులెన్స్ పరకాల దగ్గర ఆగిందన్నారు, దారి దొరికితే వస్తుందన్నారు.


అక్టోబర్ 9, ఆదివారం

బాపు పోయాడు. కరెంటు ఉంది. మిషన్ నడుస్తూనే ఉంది. మామ వచ్చి ఆపాడు.


అక్టోబర్ 10

మట్టి ఇచ్చాం. ఆయనతో పనిచేసినవాళ్లు భూపాలపల్లి నుంచి, కాటారం నుంచి మోటార్ సైకిళ్ల మీద వచ్చారు. జగపతి బాబాయి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ బాపు ఉన్నన్ని దినాలు మేం లోపటికి దిగలేదు బిడ్డా. ఒక్క చెంచడు బొగ్గు తియ్యలే. ఫోన్ చేసినప్పుడల్ల, కరెంటు పోయిందిరా జగపతీ, శభాష్ అనేటోడు. గా శభాష్ కోసమే మా బాయి ఆగింది."

ఆయన ఏడుస్తున్నాడు. ఆయన బొగ్గు తీయకపోవడం తప్పు కాదు. బాపు శభాష్ అనడం తప్పు కాదు. రోడ్డు మీద బువ్వ పెట్టినామె తప్పు కాదు. అలా ఒక్కొక్కరినీ తీసేస్తూ వస్తే మిగిలేది ఎవరో నాకు తెలుసు. అందుకే తీయడం ఆపాను.


అక్టోబర్ 12

అమ్మ అంట్లు తోముతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"చెయ్యి లేస్తలేదు సత్తమ్మా, నువ్వు కొట్టు అన్నడు. రెండు కొట్టు, ఏం అడిగినా రెండే కొట్టు అన్నడు. గట్లనే కొట్టిన."

"మొన్న చాలాసేపు మాట్లాడిన కదా. అప్పుడు గూడ నువ్వేనా?"

"ఆయన సోయిల లేడు గప్పుడు, కండ్లు తెరుస్తలేడు. నువ్వు సంబురంగ చెప్తున్నవు. ఎట్ల పెట్టెయ్యాలె?"

నీళ్లు పోసి కడిగి, గ్లాసు బోర్లించింది.

"ఒకటి కొడితే ఏందే బిడ్డా? ఆఖరుకు నీ ముందట ఒకటి కొట్టిండు. నాకు తెల్వకపాయె."

"ఆపు అని."

"ఏం ఆపాలె?"

నా మాటలు ఆపమన్నాడని అప్పుడు అనుకున్నాను. అప్పటికి మిషన్ కూడా మోగుతోంది. గిన్నెలు, హీటర్, అన్నీ ఆయనకు తెలుసు. అమ్మ రెండు కొట్టడం కూడా తెలుసు. వీటిలో ఏది ఆపమన్నాడో.


అక్టోబర్ 20. జనగామ

బస్సులు మొన్నటి నుంచి నడుస్తున్నాయి. ఇన్వర్టర్ అమ్మ దగ్గరే వదిలేసి వచ్చాను. ఇప్పుడు అక్కడ అది దేనికని ఆమె అడగలేదు.

స్టోర్ రూములో ధూళి, ఉప్పు వాసన. కిటికీ వెలుతురు గిన్నెల మీద పడుతోంది. రెండు గిన్నెలు ఎండి ఉప్పు కట్టాయి. తెల్లవాటిలో కొన్ని కరిగిపోయాయి. మిగతావన్నీ విచ్చుకొని ఉన్నాయి. నాచు ఇచ్చినవి, ఇవ్వనివి, అన్నీ ఒకటే లేత గోధుమ రంగు. చేతులు చాచి నీళ్లలో ఊగుతున్నాయి. మూల గిన్నెలో ఒకటి పిల్లను కూడా పెట్టింది. కొత్త నాచు వల్లనా, చల్లదనం వల్లనా. ఏది దేనివల్ల బతికిందో చెప్పలేం.

ఒక్క తీగ పీకితే చాలు వీటికి. మొదటి రోజే బిక్షపతి అన్నకు నేనే చెప్పాను.

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె చాలా మంచి మాటలు అన్నారు. తర్వాత, "మార్చిలో మళ్లీ మొదలుపెడదాం. వేడిలో రానిచ్చిందని నువ్వు చూశావు కదా, అది చిన్న విషయం కాదు," అన్నారు. చూశాను. ఆ టీ మరక నిజం. అది ఎన్నాళ్లు నిలిచేదో, దేనికి సరిపోయేదో తెలియదు. ఆలోచించి చెబుతానన్నాను.

ఎండిన రెండు గిన్నెలు కడిగి బోర్లించాను. మిగతావాటికి నీళ్లు మార్చాను. హీటర్‌ను గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాను.


అక్టోబర్ 21

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. మాట లేదు.

"అమ్మా. ఎట్లున్నవే?"

స్టీలు గ్లాసు. రెండు దెబ్బలు. వెంటవెంటనే, గట్టిగా.

"తిన్నవా?"

రెండు.

"నోటితోని చెప్పరాదే."

రెండు.

అమ్మకు ఆయాసం లేదు. మాట్లాడితే గొంతులో ఏం వినపడుతుందో ఆమెకు తెలుసు, అంతే.

గిన్నెలకు మూతలు పెట్టాను. తాళంచెవి బిక్షపతి అన్నకు ఇచ్చి, నీళ్లు తగ్గితే మంచినీళ్లు పోయమని, ఉప్పు వేయొద్దని చెప్పాను. పొద్దుటి బస్సు దాకా ఆగొచ్చు. పరకాలకు ఇప్పుడే ఒకటి ఉందట.

ఇప్పుడే పోతున్నాను.